చింతచెట్టు విడిది

పెళ్ళికి తరలివచ్చిన మగపెళ్ళివారిని దింపే ఇంటిని మనవాళ్ళు విడిది అంటారు. విడిదింట్లో మంచాలు, పరుపులు, వేడినీళ్ళు అన్నీ సక్రమంగా ఉండవలసిందే. అయినా విడిది మర్యాద ఆ వస్తువుల్లో లేదు. ఆ ఇల్లు ఎవరిది, ఎవరు ఖాళీ చేసి ఇచ్చారు, ఇచ్చినందుకు వారికి దక్కిన గౌరవం ఎంత అన్నదాంట్లో ఉంది. ఇప్పుడు అడవుల అంచుల్లో రాత్రికి వేలకు వేలు అద్దె పుచ్చుకొనే విడుదులు వెలిశాయి. మట్టిగోడలు, బోదకప్పు, సూర్యరశ్మితో వెలిగే దీపాలు, తెల్లవారుజామున జీపులో అడవి చూపించడం వాటి ప్రత్యేకతలు. ఇక్కడ దిగితే అడవికి మేలు, పక్క పల్లెకు బతుకుతెరువు అని వాటివారు చెబుతారు. ఈ మాటలో నిజం ఎంత? దీనికి సమాధానం వెతకడానికి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల వాళ్ళం ఆఫ్రికా దాకా పోనక్కరలేదు. మన కొండ మీదా, మన పొలిమేర అవతలా ఈ చరిత్ర కావలసినంత ఉంది.

మన జిల్లాలో పేరుమోసిన మొదటి విడిది నందికొండ. సముద్రమట్టానికి 1478 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండపై టిప్పు సుల్తాను వేసవి భవనం నేటికీ ఉంది. 1791 అక్టోబరులో కారన్‌వాలిస్ సేనలు కోటను పట్టుకున్నాయి. తర్వాతి కాలంలో, 1834 నుంచి 1861 వరకు మైసూరు కమిషనరుగా ఉన్న మార్క్ కబ్బన్ హయాంలో, బెంగళూరు దొరలకు ఎండాకాలపు బంగళాలు లేచాయి. 1927లోనూ 1936లోనూ గాంధీజీ ఆరోగ్యం కోసం ఇక్కడే బస చేశారు. పైన చల్లగాలి ఎక్కేవారిది. కింద నీరు ఊళ్ళవారిది. నంది చుట్టుపట్ల కొండల్లో పుట్టిన పెన్నేరు, చిత్రావతి, పాపాఘ్ని మన తెలుగు సీమలకే పారతాయి. కొండ మీది చెట్టు నిలిస్తేనే కింది చెరువు నిండుతుందన్నది రైతుకు తెలిసిన విషయమే. కానీ బంగళా కట్టినవారు లెక్కించుకున్నది చల్లదనాన్ని, చూపుకు అందే దూరాన్ని. కొండ కింది పల్లెలకు ఆ లెక్కలో చోటు లేదు.

మైసూరు సంస్థానంలో అడవి విడిది కూడా ఇలాగే మొదలైంది. కబిని ఒడ్డున కారాపురలో మహారాజుకొకటి, వైస్రాయికొకటి వేట బంగళాలు ఉండేవి. పక్కనే కాకనకోటె అడవిలో ఏనుగులను తరిమి పట్టే ఖెడ్డాలు జరిగేవి. చివరి ఖెడ్డా 1971లో జరిగింది. ఏనుగుల జాడ తీసినవారు, మచ్చిక చేసినవారు జేనుకురుబలు. మహారాజు 1931లో బండీపురలో 90 చదరపు కిలోమీటర్ల అడవిని మృగాలకు కేటాయించాడు. 1941లో అది వేణుగోపాల వన్యమృగవనంగా పెరిగింది. అంటే అడవిని కాపాడాలన్న ఆలోచన మన రాష్ట్రంలో వేటగాడి ఇంటి నుంచే బయలుదేరింది. వేటకు మృగం మిగలాలంటే మృగానికి అడవి మిగలాలి. ఆ తర్కం తప్పు కాదు. అయితే అందులో అడవిలో పుట్టిపెరిగినవాడు కూలివాడే తప్ప హక్కుదారు కాడు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. తుపాకి పోయి కెమెరా వచ్చింది. నేపాలులో చిత్వన్ అడవిలో 1960లలో వెలసిన టైగర్ టాప్స్ విడిది, మృగాన్ని చంపకుండా చూపించి కూడా డబ్బు సంపాదించవచ్చునని నిరూపించింది. ఆ దారిలోనే కర్ణాటక ప్రభుత్వం 1980లో జంగిల్ లాడ్జెస్ సంస్థను స్థాపించింది. కారాపురలోని ఆ పాత వేట బంగళాలే కబిని రివర్ లాడ్జ్ అయ్యాయి. కర్నల్ జాన్ వేక్‌ఫీల్డ్ 2010లో కన్నుమూసేదాకా ఆ విడిదికి పెద్దదిక్కుగా ఉన్నాడు. ఈ వ్యవస్థ మేలు చేయలేదనలేం. అడవిని నరికితే వచ్చే సొమ్ము కన్నా నిలబెడితే వచ్చే సొమ్ము ఎక్కువని ప్రభుత్వానికి తెలియజెప్పింది. కానీ 1974లో పూర్తయిన కబిని జలాశయం కింద పోయిన ఊళ్ళూ, అభయారణ్యం పేరిట అడవి విడిచిపెట్టవలసి వచ్చిన జేనుకురుబలూ బెట్టకురుబలూ ఎరవలూ ఆ నీటి ఒడ్డు చరిత్రలో భాగమే.

ఆ రెండో భాగం 1990లలో న్యాయస్థానానికి ఎక్కింది. నాగరహొళె అడవి లోపల మూర్కల్ వద్ద ప్రభుత్వ భవనాలను తాజ్ హోటళ్ళ సమూహానికి చెందిన సంస్థకు విలాసవంతమైన విడిది నడపడానికి లీజుకిచ్చారు. గిరిజనులు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. మేం తేనె తీసుకుంటే అడవికి హాని, హోటలు నడిపితే హాని కాదా? వారి హక్కుల సమితి హైకోర్టుకు వెళ్ళింది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా ఆ లీజు చెల్లదని 1997లో కర్ణాటక హైకోర్టు తీర్పు చెప్పింది. భారతదేశంలో విలాస విడిదికీ అడవి జనానికీ మధ్య తగవులో ఇది మరువరాని ఘట్టం. పర్యావరణం అన్న మాటను విడిదివారే కాదు, విడిది వల్ల నష్టపోయేవారు కూడా వాడగలరని ఆ తీర్పుతో లోకానికి తెలిసింది.

పర్యావరణ పర్యాటకం అన్న పేరు కూడా పాతదేమీ కాదు. మెక్సికో దేశపు వాస్తుశిల్పి సెబాయోస్ లాస్కురైన్ 1983లో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. ఐక్యరాజ్యసమితి 2002వ సంవత్సరాన్ని దీనికే అంకితం చేసింది. ఈ పేరుకు తగ్గ నమూనా కోసం చాలామంది కెన్యాలోని మసాయి మారా వైపు చూపిస్తారు. అక్కడ 2000 తర్వాత మసాయి పశుపోషకులు తమ సొంత భూములను కలిపి, విడుదులకు కౌలుకిచ్చారు. విడిది నిండినా నిండకపోయినా ఎకరానికి ఇంతని నెలనెలా భూమి యజమానికి చేరుతుంది. మంచాల సంఖ్యకు పరిమితి ఉంటుంది. పశువులు ఎప్పుడు ఎక్కడ మేయాలో కట్టుబాటు ఉంటుంది. 2020లో మహమ్మారి వచ్చి యాత్రికులు ఆగిపోయినప్పుడు ఆ కౌలుకూ కోత పడింది. పరాయి దేశపు యాత్రికుడి జేబు మీద ఆధారపడ్డ అడవికి ఆ బలహీనత తప్పదు. అయినా కౌలు పుచ్చుకొనేవాడు భూమి సొంతదారు కావడం పెద్ద తేడా. మన తెలుగునాట నల్లమలలో బైర్లూటి, పచ్చర్ల వద్ద అటవీశాఖ నడిపే విడుదుల్లో చెంచులకు పనీ, అడవి చూపించే బాధ్యతా ఇచ్చారు. కబిని కన్నా ఇది ఒక మెట్టు పైన. భూమి మాత్రం అటవీశాఖదే.

ఇంతవరకు చెప్పింది మనుషుల కోసం కట్టిన విడుదుల చరిత్ర. దీనికి సమాంతరంగా దక్షిణాదిలో మరో చరిత్ర నడిచింది. అందులో అతిథి పక్షి, విడిది ఊరి చెట్టు, ఆతిథ్యమిచ్చేవాడు రైతు.

చెంగల్పట్టు జిల్లాలోని వేడంతాంగల్ రైతులు, సిపాయిలు తమ చెరువులో పక్షులను కాలుస్తున్నారని కలెక్టరుకు మొరపెట్టుకున్నారు. 1798లో కలెక్టరు లయొనెల్ ప్లేస్ వారికి రక్షణ పత్రం ఇచ్చాడు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు ఎరువని ఆ రైతులకు తెలుసు. పక్షిశాస్త్రవేత్త జెర్డన్ 1864 నాటి తన గ్రంథంలో, కర్ణాటక సీమలో ఒక ఊరి నడుమ తక్కువ ఎత్తు చెట్ల మీద గూడబాతులు తరతరాలుగా గూళ్ళు కడుతున్నాయనీ, మనుషులను చూసి జంకడం లేదనీ రాశాడు. 1946లో కె. కె. నీలకంఠన్ కొల్లేటి దగ్గర ఆరేడులో గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించాడు. సుమారు మూడువేల పక్షులున్న ఆ స్థావరం 1970లలో ఖాళీ అయిపోయింది. ఊరు కాపాడింది ఊరు మారితే పోతుందనడానికి అదొక సాక్ష్యం.

మండ్య జిల్లా మద్దూరు తాలూకాలోని కొక్కరెబెళ్ళూరు పేరులోనే కొంగ ఉంది. 1976లో అటవీ అధికారి ఎస్. జి. నెగిన్‌హాళ్ చూసి బయటి లోకానికి చెప్పేదాకా ఆ ఊరి సంగతి పెద్దగా ఎవరికీ తెలియదు. పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులని అక్కడి జనం ఆ పక్షులను చెప్పుకుంటారు. చింతపండు రాల్చే కాలమూ పక్షులు పిల్లలను పెంచే కాలమూ ఒకటే. గూడున్న చెట్టును దులపలేరు. అంటే ఆ ఏటి పంటలో యజమాని నష్టపోతాడు. అటవీశాఖ ఆ చెట్ల యజమానులకు పరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది. చెట్టు కింద గుంట తీసి, రెట్టను చెరువు మట్టితో కలిపి ఎరువు చేసుకోవడం వారి పాత అలవాటు. 1994లో ఊరి యువకులు హెజ్జార్లె బళగ అనే సంఘం పెట్టుకొని గూళ్ళ నుంచి పడిన పిల్లలను పెంచారు. హెజ్జార్లె అంటే గూడబాతు. బళగ అంటే మన బలగమే. 2007లో ఆ ఊరిని ప్రభుత్వం సముదాయ సంరక్షిత ప్రాంతంగా ప్రకటించింది.

ఇక మన వీరాపురం. ఆంధ్రప్రదేశ్ శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం బాగేపల్లి తాలూకాకు పొలిమేర. అక్కడి వీరాపురంలో ఏటా చలికాలంలో ఎర్రకాళ్ళ కొంగలు దిగి, ఊళ్ళోని చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలు ఎగిరేదాకా ఉండి, తొలకరి తర్వాత వెళ్ళిపోతాయి. పసుపు ముక్కు, తోక మీదికి వాలే గులాబిరంగు రెక్క ఈకలు వీటి గుర్తు. పత్రికల్లో వీటిని సైబీరియా కొంగలని రాయడం వాడుకైపోయింది. అది నిజం కాదు. ఇవి మన దేశపు పక్షులే. నీరూ చేపా ఉన్న చోటికి జరుగుతూ ఉంటాయి. పరదేశపు అతిథులంటే గొప్పగా వినిపిస్తుందేమో గాని, మన చెరువులు నిండితే వచ్చి, ఎండితే రాని పక్షులు అంటే బాధ్యత మన మీద పడుతుంది. ఈ కొంగల ఆహారం చేప. చిత్రావతి పరీవాహకంలోని చెరువులన్నీ వాటికి వంటిల్లు. ఊరు ఇచ్చింది పడక మాత్రమే. ఆ వంటిల్లు రెండు రాష్ట్రాలలో పరుచుకొని ఉంది. దాన్ని నిలబెట్టే పూచీ బాగేపల్లి వైపు వారిది కూడా.

2008లో దేవనహళ్ళి విమానాశ్రయం తెరిచాక నంది చుట్టూ భూమి ధర ఏ దారి పట్టిందో మనం చూస్తూనే ఉన్నాం. వారాంతపు విశ్రాంతి గృహాలు ద్రాక్షతోటల మధ్యకు వచ్చాయి. రేపు వీరాపురం పక్కన కూడా పక్షులు కనిపించే కిటికీలతో ఒక విలాస విడిది వస్తే ఆశ్చర్యం లేదు. దాని గోడ మట్టిదా సిమెంటుదా అన్నది చిన్న సంగతి. నిత్యం పారే నది లేని మన సీమలో ఈతకొలనుకు బోరు వేసిన విడిది, ఎంత పచ్చరంగు పూసుకున్నా, చెరువు కింది ఊటనే తాగుతుంది. కాబట్టి మనం అడగవలసిన ప్రశ్నలు వేరు. యాత్రికుడిచ్చే అద్దెలో చింతపండు వదులుకున్న ఇంటికి చేరేదెంత? చెరువు పూడిక తీయడానికి చేరేదెంత? గూళ్ళ కాలంలో ఇక చాలు, రావద్దు అని చెప్పే అధికారం ఊరికి ఉందా?

చెట్టుకు చట్టంలో గౌరవం దక్కడం అసాధ్యం కాదు. దేవనహళ్ళి దగ్గర నల్లూరు చింతతోపును 2007లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి స్థలం అదే. అది పాత చెట్ల కోసం ఇచ్చిన గుర్తింపు. పక్షికి చోటిచ్చే చింతచెట్టుకూ, దాన్ని కొట్టకుండా నిలుపుకున్న రైతుకూ అలాంటి గుర్తింపు ఎందుకు ఉండకూడదు?

రాజు కట్టిన బంగళా, దొర కట్టిన బంగళా, ప్రభుత్వం కట్టిన విడిది అన్నీ అడవి అందాన్ని చూడడానికి కట్టినవి. ఏమీ కట్టకుండా, అద్దె అడగకుండా, పంట వదులుకొని పక్షికి చోటిచ్చిన విడిది వీరాపురం వంటి ఊళ్ళలో ఉంది. పర్యావరణ విడిది అనే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఆ పేరుకు మొదటి హక్కుదారు మాత్రం ఆ చింతచెట్టు యజమాని. కొత్తగా వచ్చే విడిది ఏదైనా ముందు అతడి బాకీ తీర్చాలి.