శాంతి అధ్యయనాలు – బొంబాయి తెలుగు వాడలు

బొంబాయిలో కామాటిపుర అన్న పేరు వినగానే చాలామందికి స్ఫురించేది ఒక్కటే. ఆ పేరులోని 'కామాటి' మాత్రం మన మాట. కామాటి అంటే కూలిపని చేసేవాడు. పద్దెనిమిదో శతాబ్దం చివరలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేసి సముద్రపు నీరు లోపలికి రాకుండా ఆపిన తరువాత, బొంబాయి ద్వీపాల మధ్య ఉన్న పల్లపు నేలలు క్రమంగా నివాసయోగ్యమయ్యాయి. నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలు, మేస్త్రీలు ఆ నేలలో ఒక భాగంలో స్థిరపడ్డారు. వారి పేరే ఆ పేటకు నిలిచింది. తరువాతి శతాబ్దంలో వేశ్యావాటిక ఆ పేటలో పెరిగి, పేరును తానే ఆక్రమించుకున్నది. కామాటిపుర గురించి ఇటీవల వచ్చిన మంచి పరిశోధన గ్రంథాలు కూడా, ఉదాహరణకు అశ్విని తాంబే గారి 2009 నాటి గ్రంథం, ప్రధానంగా ఆ చరిత్రకు సంబంధించినవే. పక్క సందుల్లో కాపురాలు చేసుకున్న మున్నూరు కాపులు, పద్మశాలీలు, దళితులు, మిల్లు కార్మికులు, మునిసిపల్ తెలుగు బడికి పోయిన వారి పిల్లలు ఆ చరిత్రలో అంచున నిలబడిపోయారు.

ఈ వ్యాసానికి సందర్భం వేరు. ప్రవాసాంధ్ర విద్యార్థులలో కొందరు సాంఘిక శాస్త్రాలలో పరిశోధన ముగించి, శాంతి, సంఘర్షణ అధ్యయనాలలో విదేశీ ఫెలోషిప్‌ల వైపు చూస్తున్నారు. ఇంగ్లీషులో విజిటింగ్ రిసెర్చ్ ఫెలోషిప్ అంటున్నదానిని అతిథి పరిశోధక వృత్తి అనుకోవచ్చు. డాక్టరేటు పొందిన పండితుణ్ణి ఒక సంస్థ ఒక సెమిస్టరుకో, ఒక విద్యాసంవత్సరానికో పిలిచి, ఒక గది, గ్రంథాలయం, జీవనభృతి ఇస్తుంది. ప్రతిగా ఒకటి రెండు ప్రసంగాలు, పూర్తయిన వ్యాసమో పుస్తకమో ఆశిస్తుంది. అమెరికాలో నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయంలో 1986లో ఏర్పడిన క్రాక్ ఇన్‌స్టిట్యూట్ ఇటువంటి వృత్తులకు పేరు పొందింది. ఈ విద్యకు మూలస్థానాలు మాత్రం ఐరోపా ఉత్తరాన ఉన్నాయి. యోహాన్ గాల్తుంగ్ చొరవతో 1959లో ఓస్లోలో మొదలైన శాంతి పరిశోధనా సంస్థ వాటిలో ముఖ్యమైనది. గాల్తుంగ్ తన తొలి రోజుల్లోనే ఆర్నె నెస్‌తో కలిసి గాంధీ రాజకీయ నీతిపై గ్రంథం రాశారన్న సంగతి మన విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

తొలి దశలో ఈ విద్య పట్టించుకున్నది దేశాల మధ్య యుద్ధాలను, అణ్వాయుధాలను. 1990ల తరువాతనే దాని చూపు దేశాల లోపలికి, ఊళ్లలోకి మళ్లింది. సరిగ్గా అప్పుడే బొంబాయి మండింది. 1992 డిసెంబరు 6న బాబరీ మసీదు కూల్చివేత తరువాత మొదటి విడత, 1993 జనవరిలో రెండవ విడత జరిగిన అల్లర్లలో 900 మంది చనిపోయారని శ్రీకృష్ణ కమిషన్ లెక్క. అందులో 575 మంది ముస్లింలు, 275 మంది హిందువులు. మిగిలినవారిలో ఎక్కువమంది ఎవరో తేలలేదు. 1996 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ కమిషన్‌నే రద్దు చేసి, మేలో మళ్లీ పునరుద్ధరించింది. నివేదిక 1998 ఫిబ్రవరిలో అందింది. 502 మంది సాక్షులను విచారించి, పోలీసు స్టేషన్ల వారీగా జరిగినది నమోదు చేసిన ఆ నివేదికను మించిన ఆధారం ఈ విషయంపై లేదు. కామాటిపుర నాగ్‌పాడా పోలీసు స్టేషన్ పరిధిలోనిది. పరిశోధకుడు ముందుగా తెరవవలసినది ఆ భాగమే.

కామాటిపురకు ఇది మొదటి అనుభవం కాదు. 1893 ఆగస్టు 11న జుమ్మా మసీదు వద్ద మొదలై మూడు రోజులు సాగి, సుమారు 80 మంది ప్రాణాలు తీసిన అల్లర్లలో కూడా కల్లోలిత ప్రాంతాల జాబితాలో కామాటిపుర పేరు ఉన్నది. అంటే మన వాళ్లు ఉభయుల మధ్య చిక్కుకున్న అమాయకులు మాత్రమేనని ముందే తీర్మానించుకుని బయలుదేరడం చరిత్ర కాదు. కొట్టినవారిలో, దెబ్బలు తిన్నవారిలో, పొరుగువారిని దాచినవారిలో తెలుగువారెవరు అన్నది తెరిచి ఉంచవలసిన ప్రశ్న.

ఈ నగరపు అల్లర్లను అధ్యయనం చేసినవారిలో బయటినుంచి వచ్చిన పండితులు గణనీయంగా ఉన్నారు. ఆస్ట్రేలియాకు చెందిన జిమ్ మాసెలోస్ 1893ను గురించీ, 1993ను గురించీ రాశారు. డెన్మార్క్ పండితుడు థామస్ బ్లోమ్ హాన్సెన్ 2001లో ప్రచురించిన గ్రంథంలో శివసేన రాజకీయాలనూ, నగరం నడిబొడ్డున ఉన్న ముస్లిం పేటల జీవితాన్నీ విశ్లేషించారు. ఇవి విలువైన రచనలు. అయితే ఇటువంటి పరిశోధన నడిచిన భాషలు ఇంగ్లీషు, మరాఠీ, హిందీ, ఉర్దూ. చాళ్లలోని తెలుగు కార్మికుడు బజారులో హిందీ, మిల్లులో మరాఠీ మాట్లాడేవాడు కనుక అతడితో మాట్లాడటానికి తెలుగు అవసరం లేదని ఎవరికైనా తోస్తుంది. ఇంట్లో భయపడిన రాత్రి అతడు భార్యతో ఏ భాషలో మాట్లాడాడో ఆ భాషలో అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉండవచ్చు. మౌఖిక చరిత్ర సేకరించినవారికి ఇది తెలిసిన విషయమే.

ఇక ప్రశ్న ఏమిటన్నది చూద్దాం. అశుతోష్ వార్ష్ణేయ 2002లో ప్రచురించిన గ్రంథంలో వేసిన ప్రశ్న ఎంతో సరళమైనది: ఒకే రెచ్చగొట్టుడుకు ఒక ఊరు ఎందుకు తగలబడుతుంది, ఇంకొక ఊరు ఎందుకు తగలబడదు? హైదరాబాదును లక్నోతో పోల్చడం మన పాఠకులకు ఆసక్తికరం. పెద్ద పట్టణాలలో పలకరింపులు, పండుగకు మిఠాయిలు పంపుకోవడం చాలవనీ, ఉభయ మతాలవారూ కలిసి సభ్యులుగా ఉన్న సంఘాలు, వ్యాపార మండళ్లు, కార్మిక యూనియన్లు ఉన్నచోట శాంతి నిలుస్తుందనీ ఆయన వాదం.

ఈ కొలతతో తెలుగు చాళ్లను చూస్తే కొంత ఇబ్బంది కలుగుతుంది. చాళ్లలో ఒకే వరండా, ఒకే నల్లా, ఒకే పాయిఖానా. పలకరింపులకు లోటుండదు. కాని మన సంఘాలు చాలావరకు కులసంఘాలు: పద్మశాలీలకొకటి, మున్నూరు కాపులకొకటి. పెళ్లికీ చావుకూ అవి ఆసరా, కాని పక్క మతంవాడికి వాటిలో చోటు లేదు. భిన్నమైన వారసత్వం ఒకటి ఉండేది. 1873లో జోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజంలో బొంబాయి తెలుగు కాంట్రాక్టర్లు ప్రముఖులు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కారాడి లింగు వంటి పేర్లు ఆ సమాజ చరిత్రలో కనిపిస్తాయి. ఫూలే కూడా కట్టడపు పనుల కాంట్రాక్టరే కనుక ఆ స్నేహం అర్థం చేసుకోదగినదే. అది కులాలను, భాషలను దాటిన సంఘం. అటువంటిది తరువాత మిల్లు యూనియన్ రూపంలో కొంత దొరికింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొని ఓడిపోయారు; మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పదేళ్ల తరువాత అల్లర్లు వచ్చేసరికి, ఉభయులనూ ఒకచోట కూర్చోబెట్టగల ఆ వేదిక బలహీనపడి ఉన్నది. ఇది నా అభిప్రాయం. పరీక్షించదగినదని మాత్రం అనగలను.

పరీక్షకు తగిన స్థలం కామాటిపురకు దూరంగా లేదు. మరమగ్గాల పట్టణం భివండీలో తెలంగాణా నుంచి వచ్చిన పద్మశాలీలు ఒక పెద్ద వర్గం. పద్మనగర్ అన్న పేటే వారిది. ఉత్తరాది నుంచి వచ్చిన మోమిన్ నేతపనివారు ఇంకొక వర్గం. ఒక మతంవాడి మగ్గంపై ఇంకొక మతంవాడు పనిచేయడం అక్కడ మామూలు. అయినా 1970 మేలో అక్కడ ఘోరమైన అల్లర్లు జరిగాయి. వాటిపై జస్టిస్ మదన్ విచారణ జరిపారు. 1984 మేలో మళ్లీ రేగి, ఠాణా, బొంబాయిలకు పాకి, రెండు వందలమందికి పైగా చనిపోయారు. పడుగూ పేకా కలిసినంత మాత్రాన మనుషులు కలవరని దీనితో తేలింది.

1988లో అక్కడికి డిప్యూటీ పోలీస్ కమిషనర్‌గా వచ్చిన సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు వేశారు. పాత శాంతి సంఘాలలో ఊరి పెద్దలు కూర్చునేవారు, గొడవ అయ్యాక ప్రకటన ఇచ్చేవారు. ఈయన కమిటీలలో ఉభయ మతాలకు చెందిన సామాన్యులను, మగ్గం కార్మికులను, చిన్న దుకాణదారులను తీసుకున్నారు. అల్లరి ఏదీ లేని రోజుల్లోనే కూర్చోబెట్టి, నీళ్ల తగాదాలు, లౌడ్‌స్పీకర్ తగాదాలు అక్కడే తీర్చేవారు. పుకారు పుడితే ఎవరిని అడగాలో జనానికి తెలిసింది. 1992 డిసెంబరులోనూ, 1993 జనవరిలోనూ బొంబాయి మండుతుంటే భివండీ ప్రశాంతంగా ఉన్నది. వార్ష్ణేయ కూడా దీనిని ప్రస్తావించారు. ఈ నమూనా చూసే 1994లో బొంబాయిలో జూలియో రిబేరో, సతీశ్ సాహ్నీ, సుశోభా బర్వే తదితరులు మొహల్లా కమిటీ ఉద్యమం ప్రారంభించారు. అయితే 2006 జులైలో ఒక పోలీసు స్టేషన్ స్థలం విషయమై భివండీలో జరిగిన ఘర్షణలో పోలీసు కాల్పులకు ఇద్దరు, గుంపు చేతిలో ఇద్దరు కానిస్టేబుళ్లు మరణించారు. పోలీసులు పెట్టిన కమిటీ పోలీసులతోనే తగాదా వచ్చినప్పుడు ఏమవుతుందన్నది మిగిలిపోయిన అధ్యాయం.

ఈ కమిటీలను గురించి అధికారి వైపు నుంచి రచన ఉన్నది. ఖోపడే గారే మరాఠీలో పుస్తకం రాశారు. కమిటీలో కూర్చున్న పద్మశాలీ మగ్గం కార్మికుడి వైపు నుంచి తెలుగులో అటువంటి కథనం రావలసి ఉంది. అతిథి పరిశోధక వృత్తికి దరఖాస్తు పెట్టే మన విద్యార్థి చేతిలో ఉన్న పనిముట్టు ఇదే. సంస్థలు సాధారణంగా కొత్త క్షేత్రకార్యానికి కాక, సేకరించినదాన్ని రాసుకోవడానికి సమయం ఇస్తాయి. కనుక సాక్ష్యాలు ముందుగానే, సొంత ఖర్చుతోనో చిన్న గ్రాంటుతోనో సేకరించుకోవాలి. అతిథి తొమ్మిది నెలల తరువాత వెళ్లిపోతాడు. సాక్షి అదే సందులో, అదే పొరుగుతో ఉంటాడు. పేర్లు, గది నంబర్లు, పనిచేసిన మగ్గం యజమాని వివరాలు ప్రచురణలోకి రానివ్వకూడదు.

వ్యవధి కూడా ఎక్కువ లేదు. 1992లో పాతికేళ్లవారికి ఇప్పుడు అరవై దగ్గర పడింది. కామాటిపుర సందుల పునర్నిర్మాణానికి మ్హాడా ప్రణాళికలు వేసింది. వర్లీలో 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన 160 చదరపు అడుగుల గదుల చాళ్ల స్థానంలో వస్తున్న భవనాల్లోకి 2025లో కొన్ని కుటుంబాలు మారాయి. ఒక అంతస్తులో ఎవరి పక్కన ఎవరుండేవారో, ఆ రాత్రి ఏ తలుపు తెరుచుకున్నదో చెప్పడానికి చాలు భవనమే ఒక పటం. ఆ పటం ఉండగానే, దాని వరండాలో కూర్చుని, తెలుగులో అడగవలసిన ప్రశ్నలున్నాయి.