పసిపాపకి మనం ఎప్పుడు అర్థమవుతాం? వాసుదేవి రెడ్డి వెతికిన జవాబు

మాది వేటపాలెం, మగ్గాల ఊరు. మా వైపు ఆడవాళ్లు కండెలు చుడుతూనే ఉయ్యాల్లో ఉన్న రెండు నెలల పాపతో కబుర్లు చెప్తుంటారు. "దానికేం అర్థమవుతుందే?" అని పక్కనోళ్లు నవ్వుతారు. సైకాలజీలో దశాబ్దాలుగా నడిచిన వాదన సరిగ్గా ఇదే. ఆ వాదనని మలుపు తిప్పినవాళ్లలో ఒకావిడ హైదరాబాద్ నుంచి వెళ్లారు. పేరు వాసుదేవి రెడ్డి.

ముందు పాత కథ చూద్దాం. చిన్నపిల్లలు లోకాన్ని తమ వైపు నుంచే చూస్తారని స్విట్జర్లాండ్‌కి చెందిన పియాజే చెప్పాడు. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు ఒక పరీక్ష పెట్టారు. మాక్సీ అనే అబ్బాయి చాక్లెట్ ఒక అలమారలో పెట్టి బయటికెళ్తాడు. వాళ్లమ్మ దాన్ని ఇంకో అలమారలోకి మారుస్తుంది. మాక్సీ తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు ఎక్కువగా తప్పు చెప్పారు. నాలుగు దాటాక సరిగ్గా చెప్పడం మొదలైంది. దాంతో, ఎదుటివాళ్ల మనసు తెలిసేది నాలుగేళ్లకే అని చాలామంది తేల్చేశారు.

ఎడిన్‌బరోలో పీహెచ్‌డీ చేసి, ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయిన వాసుదేవి గారు ఇక్కడే అడ్డం తిరిగారు. ఆవిడ చూసింది ఇళ్లల్లో పిల్లల ఆటని. తొమ్మిది నెలల పాప గిలక్కాయ ఇచ్చినట్టే ఇచ్చి, మనం చెయ్యి చాపగానే వెనక్కి లాక్కుని నవ్వుతుంది. మనం ఏం ఆశిస్తున్నామో తెలియకుండా ఏడిపించడం కుదురుతుందా? రెండు మూడు నెలల పిల్లలు కూడా పలకరిస్తే నవ్వి, సిగ్గుపడ్డట్టు మొహం తిప్పుకుంటారని ఆవిడ 2000లో రాశారు.

ఇక అసలు పాయింట్. బళ్లో వ్యాకరణం గుర్తుందా? ప్రథమ పురుష అంటే "వాడు, ఆమె". మధ్యమ పురుష అంటే "నువ్వు". అప్పటిదాకా సైన్స్ పాపని "వాడు"గా, దూరం నుంచి చూసింది. "నువ్వు" అని పిలిచి, పాపతో కలిసి ఆడినప్పుడే మనసు మనసుకి తెలుస్తుందని ఆవిడ వాదన. 2008లో హార్వర్డ్ ప్రెస్ వేసిన పుస్తకంలో తన సొంత పిల్లల ముచ్చట్లు కూడా పెట్టారు. అమ్మ గమనించింది కూడా ఆధారమే అన్నమాట.

2013లో ఆవిడ బృందం ఇంకొకటి చూపించింది. ఎత్తుకోడానికి అమ్మ చేతులు చాపితే, ఆ చేతులు తగలకముందే రెండు నెలల పాప ఒళ్లు సర్దుకుంటుంది.

ఇదంతా అలవాటే, "మనసు తెలియడం" కాదు అనేవాళ్లూ ఉన్నారు. ఆ వాదన ఇంకా నడుస్తోంది. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆవిడ చెప్పింది నిజమైతే, పాప ఏడవగానే మనం చేతిలో పెట్టే ఫోన్ బొమ్మలు చూపిస్తుంది, పాటలు పాడుతుంది. గిలక్కాయ కోసం మాత్రం చెయ్యి చాపదు.