నానీమా ఆవాజ్‌కి ఏ మైకు?

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు ఆమె ముందు మైకు లేదు. పెద్ద భోంగా ఒకటి ఉంది. అందులోకి ముఖం పెట్టి గట్టిగా పాడితే, ఆ గాలి తాకిడికి పల్చటి పొర అదిరి, సూది మైనం మీద గీత గీసేది. కరెంటుతో పనే లేదు, పనంతా గొంతు బలంతోనే. మెల్లగా మాట్లాడే మనిషి విషయంలో ఆ యంత్రం పూరా బహరా.

దాదాపు ఆ కాలంలోనే గ్రియర్సన్ సాహెబ్ మన జుబాన్ల సర్వే చేయించాడు. తర్వాత గ్రామఫోన్ రికార్డులూ చేయించాడు. నమూనాగా చాలామంది చేత చెప్పించింది బైబిల్‌లోని తప్పిపోయిన కుమారుడి కిస్సా. జుబాన్ దొరికింది కానీ ఆ మనుషుల సొంత జిందగీ దొరకలేదు.

1925 నుంచి కరెంటు మైకులతో రికార్డింగ్ మొదలైంది. అయినా మంచి మైకు స్టూడియోల్లోనే ఉండేది. మన ఇళ్ల దాలాన్‌లోకి అది రాగలగడానికి అసలు కారణం 1962లో బెల్ ల్యాబ్స్‌లో జరిగిన పని. గెర్హార్డ్ సెస్లర్ అనే జర్మన్, జేమ్స్ వెస్ట్ అనే నల్లజాతి అమెరికన్ కలిసి, విద్యుత్ చార్జిని ఏళ్ల తరబడి పట్టి ఉంచే పల్చటి ప్లాస్టిక్ పొరతో ఎలెక్ట్రెట్ మైకు చేశారు. అది చిన్నది, సస్తాది. ఇవాళ దుపట్టాకి పెట్టే కాలర్ మైకుల్లో ఎక్కువ భాగం దాని ఔలాదే.

ఈ తారీఖ్ ఎందుకు చెబుతున్నానంటే, 1948 గురించి. పోలీస్ యాక్షన్ తర్వాత పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ జిల్లాలు తిరిగి రిపోర్టు రాశారు. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వాళ్ల అంచనా. ఆ కాగితం దశాబ్దాల పాటు బయటికి రాలేదు. అప్పుడు పదేళ్ల పిల్లగా ఉండి కళ్లతో చూసినావిడకి ఇప్పుడు 85 దాటాయి. ఆమె గొంతు సన్నబడింది, పరదా అలవాటుతో ఎప్పుడూ మెల్లగానే మాట్లాడింది.

నా తజుర్బాలో చేతి మైకు మన బుజుర్గుల దగ్గర నష్టమే. అది కనబడగానే వాళ్లకి జల్సా గుర్తొస్తుంది. అప్పటిదాకా "నక్కో", "హౌ" అంటూ దక్కనీలో చెప్పిన మనిషి కితాబీ ఉర్దూలో తఖ్రీర్ మొదలుపెడతాడు. కాలర్ మైకు అయితే పది నిమిషాల్లో మరిచిపోతారు. గడ్డానికి జానెడు కింద, నూలు బట్ట మీద పెట్టాలి. జరీ అయితే ప్రతి కదలికకీ గరగరమంటుంది. ఆడవాళ్లకైతే ఇంటి కోడలో మనవరాలో పెట్టడం అదబ్.

అన్ని దిక్కులా వినే ఒమ్నీ రకం నాకు పసంద్. తల తిప్పినా గొంతు మాయం కాదు. వీధి మరీ గోలగా ఉంటే మాత్రం ఒకే దిక్కు వినే కార్డియాయిడ్‌ని స్టాండు మీద పెడతాను. ఏ మైకైనా దూరమే అసలు దుష్మన్. దూరం రెట్టింపు చేస్తే నేరుగా వచ్చే గొంతు శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది, గది మోత మాత్రం దాదాపు అంతే ఉంటుంది. ఫోన్‌ని బల్ల మీద వదిలేసేవాళ్లకి ఫ్యాన్ బయోగ్రఫీ దొరుకుతుంది, నానీమాది కాదు.

టైల్స్ వేసిన హాలు వద్దు. మంచం, రజాయిలు ఉన్న లోపలి గది మంచిది. ఫ్యాన్ ఆపాలి, ఎండాకాలమైతే ఫజర్ తర్వాత కూర్చోవాలి. అజాన్ వస్తే ఆపి, మళ్లీ మొదలుపెట్టాలి. మొదట అర నిమిషం ఖామోషీ రికార్డు చేయండి, తర్వాత ఎడిటింగ్‌లో పనికొస్తుంది. రెండో కాపీ కోసం ఫోన్ కూడా నడుస్తూ ఉండాలి, ఫ్లైట్ మోడ్‌లో.

ఇజాజత్ ముందే అడిగి, ఆ మాట కూడా రికార్డులో ఉంచుతాను. చాయ్ వచ్చాక కూడా మైకు తియ్యనని అప్పుడే చెప్పేస్తాను. ఎందుకంటే "బస్, అంతే బేటా" అన్నాకే, సాసర్‌లో చాయ్ పోసుకుంటూ, బావి దగ్గర ఏం జరిగిందో చెప్పడం మొదలుపెడతారు.