టెల్లూరియం దగ్గర తగవు

బడిలో ఆవర్తన పట్టికను నాచేత ఎక్కాల్లా వల్లె వేయించారు. అందులో ఒక తగవు ఉందని చెప్పలేదు. మూలకాలను పరమాణుభారాల వరుసలో పేరిస్తే గుణాలు విడతలు విడతలుగా తిరిగొస్తాయని 1869లో మెండెలీవ్ అన్నాడు. టెల్లూరియం దగ్గర ఆ వరుస అడ్డం తిరిగింది. భారాన్ని నమ్మితే అయొడిన్ ముందు రావాలి. గుణాల్లో అది క్లోరిన్, బ్రోమిన్‌ల తోబుట్టువు. ఆయన గుణాలనే నమ్మాడు. టెల్లూరియం భారం 128 పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. తూకం తప్పు కాదు, కొలబద్దే తప్పు! నాకు ఆయన గొప్పతనం ఈ పొరపాటులోనే కనిపిస్తుంది. వరుసను నిర్ణయించేది కేంద్రకంలోని ధనావేశమని 1913లో మోస్లే ఎక్స్‌కిరణాలతో తేల్చాడు. ఆ లెక్కన టెల్లూరియం 52, అయొడిన్ 53. అప్పటికి మెండెలీవ్ పోయి ఆరేళ్లు. మోస్లేను 1915 ఆగస్టులో, గల్లిపోలిలో, సామ్రాజ్యాల యుద్ధం బలిగొంది. ఆయనకు ఇరవయ్యేడేళ్లు.