బొమ్మలోని గూపీ, తెరమీది గూపీ

పిల్లల కోసం గీసిన బొమ్మను నటుని శరీరంలోకి దించడం పైకి కనిపించినంత సులభమైన పని కాదు. బొమ్మలోని మనిషికి జానెడు ముక్కు ఉండవచ్చు, అతడు గాలిలో తేలవచ్చు, గాడిదమీదనుంచి పడ్డా దెబ్బ తగలకపోవచ్చు. అదే పని రక్తమాంసాలున్న నటుడు చేసినప్పుడు చూచేవానికి మొదట నొప్పి స్ఫురిస్తుంది. ఆ తరువాతనే నవ్వు. ఒక్కొక్కప్పుడు నవ్వు రానే రాదు. ఈ చిక్కును విప్పిన పద్ధతి మూలంగానే బెంగాలీ చిత్రం 'గూపీ గాయెన్ బాఘా బాయెన్' చరిత్ర పరిశీలించదగినది. గాయెన్ అనగా పాటగాడు, బాయెన్ అనగా వాద్యగాడు.

మూలకథ ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి రచన. ఆయన కథకుడే కాదు. చిత్రకారుడు, సంగీతజ్ఞుడు, అన్నింటికీ మించి ముద్రాపకుడు. తన పుస్తకంలోని బొమ్మలు ముద్రణలో చెడిపోవడం సహించలేక, 1895లో విదేశాలనుంచి పరికరాలు తెప్పించుకొని హాఫ్‌టోన్ అచ్చుపని స్వయంగా సాధించాడు. 1913లో 'సందేశ్' అనే బాలల పత్రికను స్థాపించాడు. బెంగాలీలో ఆ మాటకు వార్త అనీ, ఒక మిఠాయి అనీ రెండర్థాలు. గూపీ, బాఘాల కథ ఆయన గీసిన బొమ్మలతోనే 1915లో ఆ పత్రికలో వెలువడింది. అదే సంవత్సరం ఆయన మరణించాడు. పత్రిక భారం వహించిన కుమారుడు సుకుమార్ రాయ్ 1923లో కాలాజ్వరంతో పోయాడు. అప్పటికి సుకుమార్ కుమారుడు సత్యజిత్‌కు రెండేళ్ళు.

కాబట్టి సత్యజిత్ రాయ్ తాతగారిని చూడనేలేదు; తండ్రిని ఎరుగడనే చెప్పాలి. ఆయనకు వారిద్దరూ దక్కింది అచ్చుకాగితం మీదనే. 1961లో కవి సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి ఆగిపోయిన 'సందేశ్'ను పునరుద్ధరించడంలో కేవలం సాహిత్యాభిమానమే ఉన్నదనుకోలేము. ఆ తరువాత, పిల్లలు చూడదగిన చిత్రం ఒకటి తీయమని కొడుకు సందీప్ కోరినప్పుడు ఆయన చేయి ముత్తాత కథవైపే సాగింది.

ధనం పోగుకావడం కష్టమైంది. ఇంతటి మాయాకథను పూర్తిగా రంగుల్లో తీయాలన్న కోరిక తీరలేదు. చిత్రమంతా నలుపు తెలుపుల్లో నడిచి, చివరి ఘట్టం మాత్రమే రంగుల్లోకి మారుతుంది. లేమినుంచి పుట్టిన ఈ ఏర్పాటు కథకు మేలే చేసిందని చెప్పవచ్చు. ఉపేంద్రకిశోర్ పాఠకులకు కథ సిరాలోనే పరిచయం గదా!

రాయ్ స్వయంగా చిత్రకారుడు. అయినా తాతగారి గీతలకు నకలు తీయడానికి పూనుకోలేదు. గూపీగా తపేన్ చటర్జీ, బాఘాగా రవి ఘోష్ మన వీధిలో కనిపించే మనుషుల్లాగే ఉంటారు. బొమ్మ చేసే వింతను వారి ముఖాలమీద పెట్టక, పాటలోను, తాళంలోను పెట్టినాడు రాయ్. వారికి దక్కిన వరాలు మూడు: చేతులు తట్టి కోరితే తిండీ బట్టా, తొడుక్కుంటే కోరిన చోటికి చేర్చే చెప్పులు, విన్నవారిని కదలనీయని గానం. ఇందులో మూడవదే చిత్రానికి ప్రాణం. పాట వినిపించగానే దర్బారంతా ఉన్నచోటనే బిగుసుకుపోతుంది. క్షణంసేపు మనుషులు బొమ్మలవుతారు.

దయ్యాల నృత్యం సంగతి వివరంగా చెప్పవలసి ఉన్నది. మూలంలో దయ్యాలు వచ్చి ఆడినవన్న ప్రస్తావన తప్ప పెద్ద వర్ణన లేదు. ఆ ఖాళీలో రాయ్ ఆరు నిమిషాలకు మించిన ఘట్టాన్ని నిర్మించినాడు. దయ్యాలు నాలుగు తెగలు: రాజులు, రైతులు, తెల్లదొరలు, బొజ్జలు పెంచినవారు. బెంగాలు నేలమీద చచ్చినవారెవరో వారే గదా దయ్యాలయ్యేది! ఈ నృత్యానికి రాగం లేదు, తాళమే ఉన్నది. వాద్యాలు నాలుగూ దక్షిణాదివి. రాజులకు మృదంగం, రైతులకు కంజీర, దొరలకు ఘటం, బొజ్జలవారికి మోర్సింగ్. తాళవాద్య కచేరీలకు అలవాటుపడిన తెలుగు శ్రోతకు ఈ దృశ్యం బెంగాలీ ప్రేక్షకుని కంటె ఒక మెట్టు దగ్గరగా ఉంటుంది. దొరలు ఆడుతుంటే మరలు తిరుగుతున్నట్టు ఉంటుంది. చివరకు నాలుగు తెగలూ ఒకదానిపై ఒకటి నాలుగు వరుసలుగా నిలిచి ఆడతాయి, పుస్తకంలోని ఒక పుటలాగా. దయ్యాల రాజు గొంతు రాయ్‌దే.

తరువాతి కథ శుండీ, హల్లా రాజ్యాల యుద్ధం. ఇద్దరు రాజులూ అన్నదమ్ములు. సంతోష్ దత్తా రెండు పాత్రలూ ధరించాడు. హల్లా రాజు స్వభావం చేత యుద్ధప్రియుడు కాడు, మందుచేత అయినవాడు. మంత్రి ఆజ్ఞపై ఆ మందు తయారు చేసే మాంత్రికుడు బర్ఫీ వేషంలో ఉన్నది హైదరాబాదులో పుట్టిన హరీంద్రనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడు తమ్ముడు. కవి అయిన ఆయన ఇందులో అర్థం లేని శబ్దాలే పలుకుతాడు! జైసల్మేరు కోట ముందర ఎండిన డొక్కలతో నిలిచిన సైనికులమీద ఆకాశంనుంచి మిఠాయి కుండలు దిగుతాయి. ఆయుధాలు వదిలి వారు కుండలకు ఎగబడతారు. పిల్లలు పగలబడి నవ్వే చోటు ఇది. ఆకలిగొన్నవానిని యుద్ధానికి తోలినవాడెవడన్న ప్రశ్న పెద్దవారికి మిగులుతుంది. కథ అచ్చయిన 1915లోను ప్రపంచం యుద్ధంలోనే ఉన్నది.

లోపాలు లేకపోలేదు. నడిమి భాగం సాగుతుంది. అంతకంటె పెద్ద వెలితి, స్త్రీపాత్రలు దాదాపు శూన్యం. రాజకుమార్తెలు చివర పెండ్లికి మాత్రమే కావలసివచ్చారు. బాలికలు కూడా 'సందేశ్' చదివేవారే గదా.

1969 మే నెలలో విడుదలైన ఈ చిత్రాన్ని కలకత్తా నెలల తరబడి చూచింది. జాతీయ ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం లభించింది. 1980లో రాయ్ 'హీరక్ రాజార్ దేశే' తీసినాడు. అందులో బడి మూయించే రాజును చూపినాడు. మూడవ చిత్రానికి సందీప్ దర్శకుడు. 2013లో శిల్పా రానడే ఈ కథనే హిందీలో యానిమేషన్ చిత్రంగా రూపొందించింది. ఆ చిత్రంలో గూపీ, బాఘాలకు మళ్ళీ శరీరాలు లేవు, గీతలే.