బొమ్మల చదువు, బస్తాల బరువు

విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదవడాన్ని గురించి రాయబూని పూర్ణా మార్కెట్టునుంచి మొదలుపెట్టడం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. కాని ఈ ప్రశ్న నాకు ఎదురైంది అక్కడే. గత చలికాలం ఒక ఆదివారం ఉదయం కూరలకు వెళ్ళాను. ఉల్లిపాయల బస్తాలు దిగే చోట నలుగురు విద్యార్థులు మోకాళ్ళమీద అట్టలు పెట్టుకొని కూర్చున్నారు. వాల్తేరు కొండమీద బి.ఎఫ్.ఎ. చదువుతున్న పిల్లలు. బస్తా ఎత్తిన కళాసీ నడుము ఎక్కడ వంగుతుందో, బరువు ఏ కాలిమీద పడుతుందో చూసి గబగబా గీస్తున్నారు. ఆ కళాసీ నాకు పాత పరిచయస్థుడే. బస్తా దించి, తలగుడ్డతో మెడ తుడుచుకొని నా దగ్గరకు వచ్చి అడిగాడు:

"మావోడికి ఇంటరు అయిపోనాది మేస్టారూ. ఈలు సదివే బొమ్మల సదువే సదువుతానంతన్నాడు. అదీ ఒక సదువేనేటండీ?"

నేను తెలుగు సాహిత్యం చదువుకొన్నవాణ్ణి. డిగ్రీ విద్యార్థులకు ప్రబంధాలు, అలంకారశాస్త్రం చెప్పి జీతం తీసుకుంటున్నవాణ్ణి. రసం, ధ్వని అంటూ గంటసేపు మాట్లాడగలను. ఆ ప్రశ్నకు మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ తడబాటుకు కారణం నాలో కొంత ఉన్నది, చరిత్రలో ఎక్కువగా ఉన్నది. ముందు చరిత్ర సంగతి చూద్దాం.

మనదేశంలో చిత్రకళకు బడి పెట్టినవారు కళకోసం పెట్టలేదు. 1850లో మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు సొంత ఖర్చుతో ఒక పాఠశాల తెరిచాడు. కొద్ది సంవత్సరాలలో ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకొన్నది. 1854లో కలకత్తాలో, 1857లో బొంబాయిలో, 1875లో లాహోరులో ఇలాంటి పాఠశాలలే వెలిశాయి. 1851 లండను మహాప్రదర్శనలో మన నేతగాళ్ళ, లోహకారుల పనితనం చూసి దొరలు విస్తుపోయారు. విస్తుపోయిన ఆ ప్రభుత్వమే మాంచెస్టరు బట్ట దింపి నేతగాడి మగ్గాన్ని మూలపెట్టించింది. పనివాడి కడుపు కొట్టి, వాడి కొడుకుకు "అభిరుచి" నేర్పడానికి బడి పెట్టడం వలస పాలన చేసిన విచిత్రాలలో ఒకటి. ఆ బడిలో నేర్పింది ఏమిటయ్యా అంటే, గ్రీకు విగ్రహాల సున్నపు నకళ్ళు చూసి గీయడం, ఆకుల అంచులు కొలవడం, ప్రభుత్వ నిర్మాణశాఖకు పనికివచ్చే నక్షాలు తీయడం. వారికి కావలసినవాడు నకలు తీసేవాడు, ఆలోచించేవాడు కాడు. అందుచేతనే బొమ్మల చదువు "పనివాళ్ళ చదువు"గా విశ్వవిద్యాలయం గుమ్మం బయట నిలిచిపోయింది. 1857లోనే మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలలో విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. గుమాస్తాలనూ వకీళ్ళనూ తయారుచేసే ఆ సంస్థలు కుంచె పట్టినవాడికి పట్టా ఇవ్వడమన్న ఆలోచన చాలాకాలం దగ్గరకు రానీయలేదు.

ఆంధ్రదేశంలో కాలేజీ విద్యార్థికీ చిత్రకళకూ చుట్టరికం కలిసింది రాజమహేంద్రవరంలో. ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రసికుడు. ఆయన చుట్టూ చేరిన కుర్రవాళ్ళలో అడివి బాపిరాజు ఒకరు, దామెర్ల రామారావు ఒకరు. బాపిరాజు బి.ఎ. చదివారు, ఆ తరువాత న్యాయశాస్త్రం చదివారు. ఆయనను ఆయనను చేసిన చిత్రకళ మాత్రం ఆ రెండు పట్టాలలో ఎక్కడా లేదు. అంటే పరీక్ష ఒకదానికి, ప్రాణం ఇంకొకదానికి. రామారావును 1916లో బొంబాయి జె.జె. పాఠశాలకు పంపించడంలో కూల్డ్రే చేయి ఉన్నది. రామారావు తిరిగి వచ్చి రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల పెట్టి, మిత్రులకూ శిష్యులకూ నేర్పారు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులయ్యారు. ఆ రోజులలో అది చిన్న సంగతి కాదు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే రామారావు మశూచికంతో పోయారు. వరదా వెంకటరత్నం వంటి మిత్రులు ఆ దీపం ఆరిపోకుండా కాపాడారు.

కూల్డ్రే ఔదార్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఒక్క దొరగారి రసికత మీద, ఒక్క యువకుడి ఆయుర్దాయం మీద ఆధారపడిన చదువు ఎంతమందికి అందుతుంది? గోదావరి ఒడ్డున ఆ ఇద్దరినీ ఎరిగిన కుటుంబాలవారికి అందింది. రేవులో పడవలకు బరువులు ఎత్తినవాడి కొడుకుకు అందలేదు.

బందరు ఆంధ్ర జాతీయ కళాశాల దీనికంటె ఒక అడుగు ముందుకు వేసింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యలు స్వదేశీ ఉద్యమపు వేడిలో 1910లో నెలకొల్పిన సంస్థ అది. అక్కడ చిత్రకళ చేతిపనుల సరసన నిలిచింది. వంగదేశంనుంచి ప్రమోదకుమార చటోపాధ్యాయ వచ్చి చిత్రలేఖనం బోధించారు. బాపిరాజు కూడా ఆ సంస్థలో పనిచేశారు. చేతిపనినీ కళనూ ఒకే కప్పు కిందకు తేవడం ఎంత పెద్ద ఆలోచనో మనవారు ఇప్పటికీ సరిగా గుర్తించలేదని నా అభిప్రాయం. జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ పాఠశాల ఆ మాటే చెబుతూ 1919లో ప్రారంభమైంది. శాంతినికేతనంలో కళాభవనం కూడా ఆ సంవత్సరమే ఏర్పడింది. 1922లో బౌహౌస్ చిత్రకారుల పనులు కలకత్తాకు వచ్చి, మన చిత్రకారుల పనులతో కలిసి ప్రదర్శితమైనాయి. అంతకు ముందే, 1918లో, విప్లవ రష్యాలో పాత అకాడెమీలను రద్దుచేసి, ప్రవేశపరీక్ష అక్కరలేని స్వేచ్ఛా కళాశాలలు తెరిచారు. పదహారేళ్ళు నిండినవాడు పట్టా చూపకుండా లోపలికి పోవచ్చు. బందరువారు వీరికంటె ముందే బయలుదేరారు. కాని ప్రభుత్వ గుర్తింపుకు వెలుపల పెరిగిన సంస్థ కనుక, అక్కడ చదివినవాడికి కొలువు చూపే శక్తి దానికి లేకపోయింది. ఆదర్శం ఉన్నచోట అన్నం లేదు, అన్నం ఉన్నచోట బొమ్మలు లేవు.

ఇక విశాఖపట్నం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరింది. 1933లో ఓడరేవు తెరిచారు. మూడేళ్ళ తేడాలో ఈ ఊరికి రెండు సంస్థలు వచ్చాయన్నమాట: కొండమీద మెదళ్ళకు ఒకటి, సముద్రం అంచున వీపులకు ఒకటి. పూర్ణా మార్కెట్టు ఈ రెండింటికీ తిండిపెట్టే చోటు. "విశ్వకళాపరిషత్తు" అని పేరులోనే కళ ఉన్నా, బొమ్మల చదువు ఆ ప్రాంగణంలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. అంతవరకూ ఉత్తరాంధ్ర కుర్రవాడు కుంచె పట్టాలంటే మద్రాసు రైలు ఎక్కవలసిందే. విజయనగరం చిత్రకారుడు అంత్యాకుల పైడిరాజు ఆ దారినే వెళ్ళి దేవీప్రసాద్ రాయ్ చౌధురి శిష్యులయ్యారు. మన అభ్యుదయ కథకుడు, 'మాయాబజార్' (1957) కళాదర్శకులలో ఒకరైన మా. గోఖలే కూడా మద్రాసులోనే బొమ్మలు నేర్చారు. రాయ్ చౌధురి 1929నుంచి దాదాపు మూడు దశాబ్దాలు ఆ పాఠశాలకు అధిపతి. మద్రాసు సముద్రతీరాన బండరాయిని పెళ్ళగిస్తున్న నలుగురు శ్రామికుల కంచు విగ్రహం ఆయన చేసిందే. 1959లో నిలబెట్టారు. ఆ నలుగురి తొడల కండరాలు చూసినప్పుడల్లా నాకు పూర్ణా మార్కెట్టు బస్తాలు గుర్తుకువస్తాయి.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాతగాని విశ్వవిద్యాలయం తలుపు తెరుచుకోలేదు. 1949లో బరోడాలో మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం ఏర్పడింది. మరుసటి సంవత్సరం అక్కడ లలితకళల విభాగం మొదలై, చిత్రకళలో డిగ్రీ ఇవ్వడానికి మనదేశంలో దారి వేసింది. బేంద్రే, శంఖో చౌధురి, కె.జి. సుబ్రమణ్యన్ వంటి పనిమంతులు అక్కడ బోధకులు. మెదక్ జిల్లా నిజాంపూరు పల్లెనుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ హైదరాబాదులో డిప్లొమా ముగించి బరోడా వెళ్ళింది ఈ కొత్తదారి వెంటనే. తోట వైకుంఠం కూడా హైదరాబాదునుంచి అక్కడికే వెళ్ళి సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. 1972లో హైదరాబాదు కళాశాల సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగమైంది. వాల్తేరు విభాగంలో వి. రమేష్ వంటి పేరున్న చిత్రకారులు ఏళ్ళ తరబడి పాఠం చెప్పారు.

పట్టా అంటే ఏమిటి? మన సభలలో ఈ మాట ఎత్తితే కొందరు మిత్రులు పెదవి విరుస్తారు. "చిత్తప్రసాద్‌కు ఏ పట్టా ఉన్నది?" అంటారు. నిజమే. ఏ చిత్రకళా పాఠశాల మెట్లూ ఎక్కని ఆ మనిషి 1943 వంగ కరువులో మిడ్నపూరు ఊళ్ళు కాలినడకన తిరిగి, ఆకలిని నల్లసిరాతో గీశాడు. ఆ బొమ్మల పుస్తకాన్ని తెల్లదొరలు పట్టుకొని తగలబెట్టారు. ఏ ఆచార్యుడి పట్టా తగలబడింది అంత గౌరవంగా? కాని మిత్రులు మరిచే విషయం ఒకటి ఉన్నది. చిత్తప్రసాద్ వంటివాడు కోటికి ఒకడు. మిగిలినవాడికి పట్టా అంటే హాస్టలులో మంచం, ఉపకారవేతనం, బడిలో డ్రాయింగు మాస్టరు ఉద్యోగం, నాలుగేళ్ళపాటు "పనీపాటా లేదా?" అని ఎవరూ అడగని వెసులుబాటు. ఆస్తి ఉన్నవాడి కొడుకుకు ఆ వెసులుబాటు పుట్టుకతోనే వస్తుంది, వాడికి పట్టా అక్కరలేదు. పట్టాను ఈసడించడం కూడా ఒక్కొక్కప్పుడు కలిగినవాడి విలాసమే.

అయితే విశ్వవిద్యాలయం ఇచ్చిన దానితోపాటు దాచుకొన్నదాన్ని కూడా చెప్పుకోవాలి. పనివాడి కొడుకును అది లోపలికి రానిచ్చింది, పనిని మాత్రం బయటే నిలబెట్టింది. శ్రీకాళహస్తి కలంకారీకి 1950లలో దక్కింది "శిక్షణ కేంద్రం". ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణిమీద తిప్పి లక్కరంగు పట్టించే పని ఒక శాస్త్రం. ఏ ఆకునుంచి, ఏ గింజనుంచి ఏ రంగు వస్తుందో తెలిసినవారు అక్కడ ఉన్నారు. ఆ సహజరంగుల పునరుద్ధరణకు సి.వి. రాజు 2023లో పద్మశ్రీ అందుకొన్నారు. అయినా మన పలుకుబడిలో వారు "కళాకారులు" కారు, "హస్తకళాకారులు". ఆ ఒక్క "హస్త" శబ్దంలో హంటరుదొర నాటి వర్గవిభజన ఇంకా బతికే ఉన్నది. చేయి లేకుండా బొమ్మ గీసేవాడు ఎవడో నాకు చూపించండి!

రెండో అడ్డంకి భాష. కళాచరిత్ర పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులో ఉన్నాయి. తుమ్మపూడి సంజీవదేవ్ తెలుగులో చిత్రకళను గురించి రాయవచ్చునని జీవితమంతా రాసి చూపించారు. ఆ దారిని వెడల్పు చేయవలసింది మావంటి తెలుగు అధ్యాపకులు. మేము చేయలేదు. మూడోది ఖర్చు. చరిత్ర చదివేవాడికి గ్రంథాలయం చాలు. బొమ్మలు చదివేవాడికి రంగు గొట్టం ఖాళీ అయిన రోజున చదువు ఆగిపోతుంది.

ఇప్పుడు నా తడబాటు సంగతి. పన్నెండేళ్ళ క్రితం, ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు, ఈ మార్కెట్టు వీధులనుంచే ఒక కుర్రవాడు నా దగ్గరకు వచ్చాడు. అరటిగెలలు అమ్మే తల్లి, తండ్రి లేడు. దుకాణాలకు బోర్డులు రాసేవాడు. "శ్రీ" అన్న అక్షరం వాడు ఒక్క చేతివిసురులో రాస్తుంటే చూడవలసిందే. బి.ఎఫ్.ఎ.లో చేరతానన్నాడు. నేను పెద్దమనిషి తరహాలో, "ముందు బి.కాం. చెయ్యి, బొమ్మలు సెలవుల్లో గీసుకోవచ్చు" అని హితవు చెప్పాను. కూల్డ్రే కాలంలో బాపిరాజుకు జరిగినదాన్నే, వందేళ్ళ తరువాత, కూల్డ్రే సంస్కారం లేకుండా నేను మళ్ళీ జరిపించాను. వాడు బి.కాం. రెండో ఏట మానేశాడు. ఈలోగా ఫ్లెక్సీలు వచ్చి చేతిరాత బోర్డులను మింగేశాయి. ఇప్పుడు ఒక ఫ్లెక్సీ దుకాణంలో యంత్రం ముందు కూర్చుంటున్నాడు. కనిపిస్తే "బాగున్నారా మేస్టారూ" అని నవ్వుతాడు. ఆ నవ్వును నేను ఎక్కువసేపు చూడలేను.

అందుచేత ఆ ఆదివారం కళాసీకి కాస్త ఆలస్యంగానైనా జవాబు చెప్పాను. "చదువేనయ్యా. నాలుగేళ్ళ చదువు. బి.ఎ.తో సమానం. దరఖాస్తు నేను దగ్గరుండి నింపిస్తాను, కుర్రవాణ్ణి పంపించు" అన్నాను. హాస్టలు సంగతి, ఉపకారవేతనం సంగతి చెప్పాను. రంగుల ఖర్చు కూడా దాచకుండా చెప్పాను. అతడు వేళ్ళమీద ఏవో లెక్కలు వేసుకొన్నాడు. ఇంతలో మేస్త్రీ కేకవేశాడు. బస్తా వీపుకెత్తించుకొని రెండడుగులు వేసి, మెడ తిప్పడానికి వీలులేక అలాగే నేలచూపుతో, అట్టలు పెట్టుకు కూర్చున్న పిల్లలవైపు చేయి చూపించి అన్నాడు:

"నన్ను గీసినారు కదండీ ఆలు. ఆ బొమ్మకి ఎన్ని మార్కులొచ్చినాయో కూసింత కనుక్కోండి మేస్టారూ."