కుచా భూర్జపత్ర గ్రంథము: వైద్య మంత్ర పాశకముల సాహచర్యము

సంస్కృత వైద్యవాఙ్మయ చరిత్రమున "బౌవరు ప్రతి" సుప్రసిద్ధము. 1890వ సంవత్సరమున హామిల్టన్ బౌవరు అను ఆంగ్ల సేనాధికారి, డాల్గ్లీషు అను వర్తకుని చంపిన హంతకుని వెదకుచు మధ్యాసియాలోని కుచా పట్టణమునకుఁ బోయి, అచట నిక్షేపాన్వేషి యొకనివలన దీనిని గొనెను. ప్రాచీన స్తూపమొకటి త్రవ్వఁగా నిది దొరకెనని తెలియుచున్నది. కలకత్తాలోని ఆసియాటిక్ సంఘమునకుఁ జేరిన యీ ప్రతిని రుడాల్ఫ్ హోర్న్లె పండితుఁడు 1891లోఁ జదివి, 1893 మొదలు 1912 వఱకు మూలానువాదములతోఁ బ్రకటించెను. 1898 నుండి యిది ఆక్సుఫర్డునందలి బోడ్లియన్ గ్రంథాలయమున నున్నది. హోర్న్లె దీనిని క్రీ.శ. 4వ శతాబ్దమునకుఁ జేర్చెను. తరువాత లోరే సాండర్ విదుషి లిపిని బరిశీలించి 6వ శతాబ్ద పూర్వార్ధమునకుఁ దెచ్చెను.

ఇందు మిగిలిన భూర్జపత్రములు 51. భాగము లేడు. మొదటి మూఁడును వైద్యము. నాలుగు, అయిదు పాచికలతోఁ బ్రశ్న చూచు శాస్త్రము. ఆఱు, ఏడు సర్పభయమును వారించు మహామాయూరీ విద్య. వైద్యచరిత్రకారులు మొదటి మూఁటినే విశేషముగా నాదరించి, తక్కినవానిని మూఢవిశ్వాసములని యుపేక్షించుట కలదు. ఈ విభాగము గ్రంథమును వాడినవారిదా, చదివినవారిదా యనునది విచార్యము.

ప్రథమభాగారంభమున లశునకల్పము కలదు. కాశిరాజు సుశ్రుతునకు వెల్లుల్లి మహిమ నుపదేశించును. అమృతమును ద్రావిన రాహువు కంఠమును విష్ణువు ఖండింపఁగా నేలఁబడిన బిందువులనుండి లశునము పుట్టినదట. దేహసంపర్కము కలుగుటచే బ్రాహ్మణులకు నిషిద్ధము. కాని యౌషధము వారికిని గావలసినదే కదా! అందులకు గ్రంథము ఉపాయము చెప్పినది: గోవునకుఁ గొన్నినాళ్లు గడ్డి మిక్కిలి తగ్గించి, పిదప వెల్లుల్లికాడలు గలిపిన మేఁత పెట్టి, దాని పాలు, పెరుగు, నేయి బ్రాహ్మణునకు ఈయవచ్చును. పురాణము, ధర్మశాస్త్రము, ద్రవ్యగుణము ఇచట నొక్క ప్రకరణముననే యున్నవి. వైద్యభాగమనఁబడునదియే కేవల వైద్యము గాదు.

ద్వితీయభాగము నవనీతకము. పూర్వసంహితలను జిలికి తీసిన వెన్న యని నామార్థము. పదునాఱధ్యాయములని ప్రతిజ్ఞచేసినను ప్రతి పదునాలుగవ యధ్యాయమునఁ దెగినది. ఇందలి యోగములలోఁ బెక్కింటిని హోర్న్లె చరక భేళ సంహితలలోఁ జూపెను. ఆ భేళసంహితకు ఆధారమైన ప్రతి తంజావూరు సరస్వతీమహలునందలిది. తెలుఁగు లిపిలో వ్రాయఁబడినది. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయము దానినుండియే గ్రంథమును బ్రకటించెను. కుచాలోని భూర్జపత్రములకును దక్షిణదేశపుఁ దెలుఁగు లేఖకునికిని ఇట్లు సంబంధ మేర్పడినది.

పాశక ప్రకరణములందు నాలుగు ముఖముల పాచికను మూఁడు మాఱులు వేయవలెను. 4×4×4 చొప్పున 64 పాతములు; ఒక్కొక్క పాతమునకు ఫల మొక్కటి. ఈ పద్ధతి యొక దేశమున నిలువలేదు. తున్‌హువాంగు ప్రాంతమున దొరకిన "ఇర్క్ బితిగ్" అను తుర్కీ శకునగ్రంథమునందును మూఁడు పాతముల క్రమమే కలదు. బౌవరు ప్రతిలోని యీ భాగముల భాష ప్రాకృతమిశ్రము. పాణినీయులు దీనిని అపశబ్దభూయిష్ఠ మనవచ్చును. కాని వైద్యభాగములకంటె నిచట ప్రాకృతచ్ఛాయ యధికమగుట, ఈ విద్య వేఱొక పరంపరనుండి వచ్చి కూడినదని సూచించుచున్నది.

మంత్రభాగమున స్వాతి యను భిక్షువు కట్టెలు కొట్టుచుండఁగాఁ గృష్ణసర్పము కఱచును. ఆనందుఁడు విన్నవింపఁగా బుద్ధుఁడు మహామాయూరి నుపదేశించును. రక్షను గోరుచోట "అముకస్య" అని యుండఁదగిన స్థానమున యశోమిత్రుని పేరు కలదు. ఇది ప్రధాన ప్రమాణము. పుస్తక మొక వ్యక్తి రక్షణకై వ్రాయఁబడినది.

లేఖకులు నలుగురనియు, భాగములు భిన్నకాలములందు రచింపఁబడినవనియు నాక్షేపింపవచ్చును. నిజమే. కాని యవి రెండు పలకల నడుమ నొక త్రాటఁ గట్టఁబడి దొరకినవి. ఇందలి యేకత్వము కర్తది గాదు, గ్రంథస్వామిది.

ఈ సాహచర్యము శాస్త్రవిరుద్ధమును గాదు. సుశ్రుతుఁడు కల్పస్థానమున విషచికిత్సకు మంత్రములను విధించి, స్వరవర్ణలోపముచే నవి సిద్ధింపకపోవచ్చును గావున నగదములను యోజింపుమనెను. అనఁగా మంత్రమును ఔషధమును ఒకే వైద్యుని చేతిలోనివి. ఒకటి తప్పినచో రెండవది యాధారము. మంత్రమునకు శబ్దశుద్ధియే ప్రాణమన్న యా శాస్త్రమును, భాషాసంకరమున్నను మంత్రమును విడువని యీ పుస్తకమును ఏకకాలమునఁ జూచిననే నాఁటి స్థితి తెలియును.

ఆంధ్రదేశపుఁ దాళపత్రసంపుటములందును ఒక కట్టలో వైద్యము, జ్యోతిషము, మంత్రము కలిసియుండుట కలదు. సూచీకర్తలు వానిని శాస్త్రక్రమమున విడఁదీసి వేర్వేఱు సంఖ్యలు వేయుదురు. విషయమును వెదకుటకు నది యుపకరించును; ఆ కట్ట యెవరిదో, యేల కట్టిరో తెలుపు సాక్ష్యము మాత్రము నశించును. ఒక్కొక్క గ్రంథమునకు "ఈ కట్టలోని యితరగ్రంథములు" అను పంక్తి చేర్చిన నీ నష్టము తప్పును. యశోమిత్రుని పేరు వైద్యపత్రములలో లేదు, మంత్రపత్రములలో నున్నది. కుచాలోనే త్రాడు విప్పి పత్రములను విడివిడిగా నమ్మియున్నచో నవనీతకము మిగిలియుండెడిది; దానిని దగ్గఱ నుంచుకొన్న మనుష్యుఁడు మిగిలెడివాఁడు కాఁడు.